చెవి శస్త్రచికిత్స: ప్రాణరక్షణ నుండి వినికిడి రక్షణకు

చెవి వెనుక వ్రేలితో తడిమి చూచినచో గట్టి ఎముక యొకటి తగులును. దీనిని మాస్టాయిడ్ అందురు. పైకి గట్టిగా నున్నను, లోపల తేనెపట్టువలె చిన్న చిన్న గాలి గదులుండును. ఇవి మధ్య చెవితో కలిసియున్నవి. ముక్కు వెనుక భాగమునుండి మధ్య చెవికి పోవు యూస్టేషియన్ నాళము పిల్లలలో పొట్టిగా, అడ్డముగా నుండును. అందుచే జలుబు చేసిన బిడ్డకు చెవిపోటు, చీము తరచుగా వచ్చును. ఆ చీము ఎముకలోని గదులకు ప్రాకి, దానిని తినివేసి, మెదడు పొరలను చేరినచో ప్రాణాపాయము కలుగును.

చీము బయటికి వచ్చుటకు ఎముకకు దారి చేయవచ్చునని చూపినవారిలో ఫ్రెంచి వైద్యుడు జాన్ లూయీ పెటీ ముఖ్యుడు. ఆయన 1750లో మరణించెను. ఆయన గ్రంథము 1774లో వెలువడెను. అయితే ఈ మార్గమును కొందరు చెవుడు పోగొట్టుటకు కూడ ఉపయోగింపజూచిరి. డెన్మార్కు రాజవైద్యుడైన ఫాన్ బెర్గర్ చెవుడుతోను, చెవిలో హోరుతోను బాధపడుచు 1791లో ఈ శస్త్రచికిత్స చేయించుకొని, మెదడు పొరల వాపుతో కొద్ది దినములలోనే మరణించెను. చీము తీయుటకు తగిన పద్ధతిని చీము లేని రోగికి ప్రయోగించుట ఇందలి పొరపాటు. పైగా సూక్ష్మజీవులను నివారించు విధానమప్పటికి తెలియదు. ఈ మరణముతో వైద్యులు భయపడి, అవసరమైన రోగులకు కూడ చాల కాలము ఈ చికిత్సను చేయకుండిరి.

1846లో మత్తుమందు, 1867లో లిస్టరు క్రిమినాశక పద్ధతి వచ్చిన పిమ్మట పరిస్థితి మారెను. 1873లో జర్మనీలోని హాలె నగరమున హెర్మన్ ష్వార్ట్సె, తన సహచరుడు ఐసెల్‌తో కలిసి, ఏ రోగికి ఎముక తొలచవలెనో, ఎట్లు తొలచవలెనో వివరించెను. ఆయన సాధనములు ఉలి, సుత్తె. ఎందరో రోగుల ప్రాణములను ఈ పద్ధతి నిలిపినది.

కాని పిల్లల చెవిలో చేయి చాల జాగ్రత్తగా కదలవలెను. శిశువునకు మాస్టాయిడ్ ఎముక యొక్క క్రింది మొన యింకను ఏర్పడియుండదు. ముఖమును కదలించు నాడి చర్మమునకు సమీపముననే యుండును. పెద్దవారికి కోసినట్లు కోసినచో ఆ నాడి తెగి, ముఖమొకవైపు చచ్చుబడును. అర్ధవర్తుల కుల్యలకు గాయమైనచో తల తిరుగుటయే గాక, ఆ చెవి పూర్తిగా వినికిడి కోల్పోవచ్చును.

1890 ప్రాంతమున జౌఫాల్, స్టాకె మొదలగువారు, దీర్ఘకాలము చీము కారు చెవులకు మరింత విస్తృతమైన చికిత్స నారంభించిరి. ఇందు కర్ణభేరి శేషములను, కూటకము, దాగలి అను చిన్న ఎముకలను తీసివేయుదురు. చెవి ఆరి, ప్రాణభయము తొలగును. కాని ధ్వనిని లోపలి చెవికి అందించు వంతెనయే కూలిపోవును. ఇట్టి నష్టము 50 నుండి 60 డెసిబెల్లుల వరకు ఉండవచ్చును. సాధారణ సంభాషణ ధ్వని సుమారు 60 డెసిబెల్లులే! రెండు చెవులకు ఇట్లు జరిగిన బిడ్డకు ఎదుటివారి మాట గుసగుసవలె వినబడును. మాటలు నేర్చుకొను వయస్సులో ఇది ఎంత నష్టమో ఊహింపవచ్చును. చెడని భాగములను ఉంచివేయవచ్చునని 1910లో వియన్నా వైద్యుడు బోండి చూపెను.

రెండు మార్పులు ఈ చిక్కును చాలవరకు విప్పినవి. మొదటిది, 1935 తరువాత సల్ఫా మందులు, పిమ్మట పెన్సిలిన్ వచ్చుటచే తీవ్రమైన చీము అనేకసార్లు ఎముక తొలచకయే నయమగుట. రెండవది సూక్ష్మదర్శిని. 1921లో స్వీడన్‌లో నీలెన్ దానిని చెవి శస్త్రచికిత్సకు మొదటగా వాడెను. 1950 తరువాత జర్మనీలో వుల్‌స్టైన్, జొల్నర్ దాని సాయముతో కర్ణభేరిని తిరిగి నిర్మించు పద్ధతులను రూపొందించిరి. మొదట చర్మమును, తరువాత కణత కండరముపై నుండు పలుచని పొరను అతుకుగా వాడిరి.

అయినను అపాయము పూర్తిగా పోలేదు. తిరుగుచున్న డ్రిల్లు చిన్న ఎముకలకు తగిలినచో, ఆ కంపనము కర్ణావర్తమును చేరి హెచ్చు స్థాయి ధ్వనుల వినికిడిని చెరుపగలదు. చర్మపు పొలుసులు ముద్దగా చేరి ఎముకను తినివేయు కొలెస్టియటోమా పిల్లలలో తిరిగి వచ్చుట ఎక్కువ. అందుచే కొందరికి రెండవసారి తెరచి చూడవలసి వచ్చును. ముందు రోగమును పూర్తిగా తొలగించుట, పిదప వినికిడిని నిలుపుట: ఈ వరుస నేటికిని మారలేదు.

ఒకప్పుడు చీము తీయుటకు తొలచిన ఆ ఎముక గుండానే, నేడు పుట్టు చెవుడుగల పిల్లలకు కర్ణావర్తములో విద్యుత్ సాధనము నమర్చుచున్నారు. బెర్గర్ ప్రాణము తీసిన మార్గమే వినికిడి నిచ్చు మార్గమైనది.

ఉపాధ్యాయులు గమనింపవలసిన దొకటి కలదు. పిలిచిన పలుకని బిడ్డ, ప్రశ్నను మరల అడిగించుకొను బిడ్డ, ఎప్పుడును ఒకే చెవిని ముందుకు త్రిప్పు బిడ్డ మందమతి కాకపోవచ్చును. చెవిలో చీము కారిన, లేదా శస్త్రచికిత్స జరిగిన బిడ్డయైనచో అతనిని ముందు వరుసలో, బాగుగా వినబడు చెవి మీవైపు ఉండునట్లు కూర్చుండబెట్టి, వినికిడి పరీక్ష చేయింపుడని తల్లిదండ్రులకు చెప్పవలెను. వైద్యుడు కాపాడిన వినికిడి బిడ్డకు చదువై ఫలించునది తరగతి గదిలోనే.