మొరసువారి వ్రేళ్ల మొక్కు

బెంగుళూరు, కోలారు సీమలలోని మొరసునాట తెలుగును కన్నడమును ఒక్క యింటనే వినబడుట నేటికిని కలదు. ఆ నాటి పేరు వహించిన మొరసువారిలో కొందరు తెలుగు కాపులు, కొందరు కన్నడ ఒక్కలిగలు. 1537లో బెంగుళూరు కోటను కట్టించిన కెంపేగౌడ వీరిలోనివాడే. ‘గంగాగౌరీవిలాస’మను తెలుగు యక్షగానము ఆయన రచనయని చెప్పుదురు.

వీరిలో ఒక తెగయందు వివాహముతో ముడివడిన కఠినాచార మొకటి యుండెను. పెద్దకూతునకు చెవులు కుట్టించి పెండ్లి నిశ్చయింపవలెనన్న, ముందుగా తల్లి తన చేతి చివరి రెండు వ్రేళ్ల కొనకణుపులను సమర్పించుకొనవలెను. గ్రామపు కమ్మరి వ్రేలిని దిమ్మపై నుంచి ఉలితో తెగగొట్టెడివాడు. 19వ శతాబ్ది తొలిపాదమున కర్నల్ విల్క్స్ తన మైసూరు చరిత్రలో దీనిని వ్రాసియున్నాడు.

దీనికి చెప్పెడి కథ భస్మాసుర వృత్తాంతమునకు శాఖవంటిది. వరమిచ్చిన తన తలపైననే చేయి పెట్టబోయిన వృకాసురునకు వెఱచి శివుడొక పొలమున దాగెను. అసురుడు వచ్చి అడుగగా సేద్యగాడు నోట చెప్పుటకు జంకి, చిటికెనవ్రేలితో చోటు చూపెను. విష్ణువు మోహినియై అసురుని రూపుమాపిన పిమ్మట శివుడా వ్రేలిని కోరెను. అంతలో అన్నము తెచ్చిన యిల్లాలు, వ్రేలు పోయిన భర్త సేద్య మెట్లు చేయునని మొరపెట్టి, ఆ యొక్కదానికి మారుగా తనవి రెండు ఇత్తుననెను. తప్పు మగనిది, వెల ఆలిది, అదియును రెట్టింపు.

ఈ యాచారమును కెంపేగౌడయే మాన్పించెనని ప్రతీతి. అట్లయిన రెండు శతాబ్దులు గడచిన పిమ్మట విల్క్స్ కాలమున అది యెట్లుండెను? ఏలిక యాజ్ఞ ఊరూర నిలువలేదనియే తలపవలసియున్నది. తరువాత మైసూరు ప్రభుత్వము నిషేధింపగా, స్త్రీలు వ్రేలికి బంగారు తొడుగో వెండి తొడుగో పెట్టుకొని, కోతకు బదులు దానిని ఊడదీయసాగిరని రైస్ గెజెటీరు తెలుపుచున్నది. మొక్కు చెల్లినది, తల్లి చేయి చెడలేదు. ఈ యుపాయము తోచిన దెవరికో గాని, వారి బుద్ధి మెచ్చదగినది.

నేడు బెంగుళూరి తెలుగు పెండ్లిండ్లలో జీలకఱ్ఱ బెల్లము, తలంబ్రాలు చెక్కుచెదరలేదు. అప్పగింతల పాటలు పాడువారు మాత్రము అరుదగుచున్నారు. అమ్మమ్మ వ్రాసికొన్న పాటల పుస్తకము పెట్టెలో నున్నను, తెలుగు లిపి రాని మనుమరాలికి అక్కఱకు రాదు. తెలుగు నేర్పుట మేలు. అంతవరకు ఆ పాటలను కన్నడ లిపిలో నైనను వ్రాసి యిచ్చుట తగును. ఇది ఈ సీమకు క్రొత్త గాదు. త్యాగరాజ కీర్తనలను ఇచ్చటి గాయకులు పలువురు కన్నడ లిపి పుస్తకములనుండియే నేర్చుకొనుచున్నారు.