స్వయం సహాయక సంఘాలు: పొదుపు, పరపతి, వడ్డీ రాయితీ

గ్రామీణ పేద మహిళలకు బ్యాంకు పరపతిని అందుబాటులోకి తేవడంలో స్వయం సహాయక సంఘాలు కీలక పాత్ర నిర్వహించాయి. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు అనుసంధానాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఈ సంఘాలను గ్రామ సంఘాలు, మండల, జిల్లా సమాఖ్యలుగా వ్యవస్థీకరించింది.

2004లో ప్రవేశపెట్టిన పావలా వడ్డీ పథకం కింద, నూటికి నెలకు 25 పైసలు, అనగా ఏడాదికి 3 శాతానికి మించిన వడ్డీని ప్రభుత్వం సంఘాలకు తిరిగి చెల్లించేది. ఉదాహరణకు, ఏడాది పొడవునా నిల్వ ఉన్న లక్ష రూపాయల రుణంపై 12 శాతం చొప్పున 12,000 రూపాయల వడ్డీ కాగా, అందులో సంఘం భరించేది 3,000 రూపాయలు మాత్రమే. వాయిదాలను సకాలంలో చెల్లించిన సంఘాలకే ఈ రాయితీ వర్తించేది.

పలు సూక్ష్మరుణ సంస్థల వద్ద ఏకకాలంలో అప్పులు చేసిన కుటుంబాలు వారం వారం వాయిదాలు కట్టలేక ఇక్కట్ల పాలయ్యాయి. ఆత్మహత్యల ఉదంతాలు వెలుగులోకి రావడంతో 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసి, ఆ సంస్థల నమోదును తప్పనిసరి చేసింది. వసూళ్లలో బలప్రయోగాన్ని నిషేధించింది. సభ్యుల తక్షణ రుణ అవసరాలు తీర్చేందుకు 2011లో స్త్రీనిధి పరపతి సహకార సమాఖ్యను నెలకొల్పడమైనది.

క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, సక్రమమైన పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలే సంఘం పరపతికి పునాది. సభ్యురాలి పాసుపుస్తకం, సంఘం లెడ్జరు, బ్యాంకు ఖాతాలను ప్రతి నెలా సరిపోల్చుకుంటే బకాయిలు పేరుకుపోకముందే బయటపడతాయి.