‘పెళ్లెప్పుడు చేసుకుంటారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే.. చట్టం ఏమంటోంది? మీరేం చేయొచ్చు?

‘పెళ్లయిందా? పిల్లల్ని ఎప్పుడు ప్లాన్ చేస్తున్నారు?’, ‘ఏమైనా విశేషమా?’, ‘మీ ఇంటిపేరేంటి, మీరేమిట్లు?’.. ఉద్యోగం కోసం వెళ్లిన చోట ఇలాంటి ప్రశ్నలు ఎదురవడం కొత్తేం కాదు. చెబితే ఉద్యోగం రాదేమో, చెప్పకపోతే పొగరనుకుంటారేమో అని చాలామంది ఇబ్బంది పడుతుంటారు. ఇంతకీ ఇలా అడిగే హక్కు వాళ్లకుందా? మీరు జవాబు చెప్పాల్సిందేనా?

అడగడమే నేరమా?

ఇంటర్వ్యూలో ఫలానా ప్రశ్నలు అడగకూడదంటూ ప్రైవేటు సంస్థలన్నింటికీ వర్తించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అయితే మీరు చెప్పిన జవాబును బట్టి ఉద్యోగం నిరాకరిస్తే మాత్రం చాలా సందర్భాల్లో అది చట్టవిరుద్ధమే.

• ప్రభుత్వ ఉద్యోగాలు: మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన ఊరు, నివాసం కారణంగా వివక్ష చూపకూడదని రాజ్యాంగంలోని 16వ అధికరణం చెబుతోంది.

• మహిళలు: నియామకాల్లో లింగవివక్షను 1976 నాటి సమాన వేతన చట్టం నిషేధించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. ఇది ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది.

• హెచ్‌ఐవీ: ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడం 2017 నాటి చట్టం ప్రకారం కుదరదు.

• ట్రాన్స్‌జెండర్లు: నియామకాల్లో వీరిపై వివక్ష చూపకూడదని 2019 నాటి చట్టం చెబుతోంది.

• దివ్యాంగులు: 2016 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదు. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి.

కులం, మతం విషయంలో ప్రైవేటు నియామకాలన్నింటికీ వర్తించే సమగ్ర చట్టం లేకపోవడం పెద్ద లోటు. అంటరానితనం పేరుతో ఉద్యోగానికి అడ్డుపడితే మాత్రం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద అది నేరం.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

ఎల్‌ఐసీలో ఉద్యోగానికి ఎంపికైన నీరా మాథుర్ ప్రసూతి సెలవులో ఉండగా సంస్థ ఆమెను తొలగించింది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో చివరి నెలసరి తేదీని తప్పుగా రాశారన్నది ఆరోపణ. నెలసరి సక్రమంగా వస్తుందా, ఎన్నిసార్లు గర్భం దాల్చారు, గర్భస్రావం అయిందా అని కూడా ఆ ఫారంలో అడిగారు. ఇలాంటి ప్రశ్నలు మహిళలకు ఇబ్బందికరమని, అవమానకరమని 1991లో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. ఆ గడులను ఫారంలోంచి తీసేయాలని, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని ఆదేశించింది.

అయినా ఈ ధోరణి ఆగలేదు. మూడు నెలలు దాటిన గర్భిణులను నియామకాలకు ‘తాత్కాలికంగా అనర్హులు’గా పరిగణిస్తామన్న మార్గదర్శకాలను విమర్శలు రావడంతో 2022 జనవరిలో ఎస్‌బీఐ పక్కన పెట్టింది. తమిళనాడులోని ఫాక్స్‌కాన్ ఐఫోన్ ప్లాంటులో పెళ్లయిన మహిళలను ఉద్యోగాల్లోకి తీసుకోవడం లేదని 2024లో రాయిటర్స్ కథనం ఇచ్చింది. దీనిపై కేంద్ర కార్మిక శాఖ రాష్ట్ర ప్రభుత్వాన్ని నివేదిక కోరింది.

ఏది పనికి సంబంధించిన ప్రశ్న?

చేయబోయే పనికి ఆ ప్రశ్న అవసరమా, అభ్యర్థులందరినీ అడుగుతున్నారా అన్నది చూడండి. ‘రాత్రి షిఫ్టు చేయగలరా?’ అని అందరినీ అడిగితే తప్పులేదు. ‘మీ ఆయన ఒప్పుకుంటారా?’ అనడం తప్పు. ‘బెంగళూరుకు మారగలరా?’ అన్నది సరైన ప్రశ్నే. ‘పెళ్లయితే మానేస్తారేమో?’ అన్నది కాదు.

ఎంపికయ్యాక పీఎఫ్, ఈఎస్‌ఐ, గ్రూప్ ఇన్సూరెన్స్ కోసం కుటుంబ వివరాలు, నామినీ పేరు అడగడం మామూలే. ఆ వివరాలు ఇంటర్వ్యూ చేసేవారికి అక్కర్లేదు.

అడిగితే ఏం చెప్పాలి?

• మాటను పనివైపు తిప్పండి. ‘పనివేళల గురించి అడుగుతున్నారా? ఈ షిఫ్టు నాకు ఇబ్బంది లేదండీ’ అంటే సరిపోతుంది.

• మళ్లీ అడిగితే ‘ఇది ఈ ఉద్యోగానికి ఎలా అవసరమో చెబుతారా సర్?’ అని మర్యాదగా అడగండి.

• చెప్పడం ఇష్టం లేకపోతే ‘అది నా వ్యక్తిగతం, పని మీద దాని ప్రభావం ఉండదు’ అనండి.

• రాతపూర్వకంగా అబద్ధం రాయొద్దు. తర్వాత బయటపడితే దాన్నే సాకుగా చూపి తొలగించే ప్రమాదం ఉంది.

• నోటిఫికేషన్‌లో అడగనంత వరకు రెజ్యూమెలో పెళ్లి, మతం, తండ్రి పేరు లాంటివి రాయకండి.

ఫిర్యాదు ఎక్కడ?

ఇంటర్వ్యూ అయిన రోజే తేదీ, ఎవరు అడిగారు, ఏ మాటల్లో అడిగారు అన్నది రాసిపెట్టుకోండి. మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు దాచుకోండి. ‘పెళ్లికాని అమ్మాయిలే కావాలి’ లాంటి ప్రకటన కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీయండి. వివక్ష జరిగిందని చూపడానికి ఇవే ఆధారాలు.

• ముందుగా సంస్థ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. అప్పుడు మీ ఫిర్యాదుకు తేదీతో సహా రికార్డు ఉంటుంది.

• మహిళ అన్న కారణంతో ఉద్యోగం ఇవ్వకపోతే కార్మిక శాఖను, రాష్ట్ర మహిళా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

• ప్రశ్నలు లైంగిక ధోరణిలో ఉంటే 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వర్తిస్తుంది. మీరు అక్కడ ఉద్యోగి కాకపోయినా ఫిర్యాదు చేయొచ్చు. 3 నెలల్లోగా సంస్థలోని అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. 10 మంది కంటే తక్కువ ఉద్యోగులున్న చోట జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ ‘షీ-బాక్స్’ పోర్టల్‌లోనూ నమోదు చేయొచ్చు.

• సాయం కావాల్సిన మహిళలు 181 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

ఒక్క ప్రశ్న అడిగినంత మాత్రాన కేసు నిలబడకపోవచ్చు. ఉద్యోగం రాకపోవడానికి అదే కారణమని చూపే ఆధారం ఉండాలి. అందుకే ఇంటర్వ్యూ గది నుంచి బయటికొచ్చిన వెంటనే జరిగింది రాసిపెట్టుకోవడం మరిచిపోవద్దు.