కత్తెర పట్టిన చేయి

ఆడదాని చేతిలో కత్తెరంటే జాకెట్లు కుట్టుకోవడానికే అనుకునేవారు మా ఇంట్లో. కానీ పూనాలో 1960లో, 'సంత్ తుకారాం' తీసిన ప్రభాత్ స్టూడియో ఆవరణలోనే ప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. డెబ్భైలలో అక్కడ ఎడిటింగ్ చదివారు రేణు సలూజా. అప్పట్లో అది మగవాళ్ల పని. 'జానే భీ దో యారో' (1983) కూర్చిందీ ఆవిడే. 'పరిందా' (1989)కి జాతీయ బహుమతి అందుకున్నారు, మొత్తం నాలుగుసార్లు!

2000లో ఆవిడ పోయారు. ఆ ఏడే నేను బి.ఏ. పాసయ్యాను. పూనా వెళతానంటే నాన్నగారు, "సినిమాలకి చదువేమిటే?" అని నవ్వేశారు. అమ్మ మాట్లాడలేదు. నేనూ ఊరుకున్నాను. ఇప్పటికీ నవల్లో ఇష్టమైన పేజీ కొట్టేసేటప్పుడు ఆవిడే గుర్తొస్తారు.

మొన్న మా అమ్మాయి అదే దరఖాస్తు తెచ్చింది. ఆయన నా వంక చూశారు. ఈసారి అమ్మ మాట్లాడింది.