పెద్దాయనకి చెప్పని మాట

అమెరికా దక్షిణాది అనగానే మనలో చాలామందికి 'గాన్ విత్ ది విండ్' గుర్తొస్తుంది. నన్నడిగితే, ఆ ప్రాంతపు ఒక ఇంటి గుట్టు తెలియాలంటే 1958లో వచ్చిన 'క్యాట్ ఆన్ ఎ హాట్ టిన్ రూఫ్' చూడమంటాను. టెనెసీ విలియమ్స్ రాసిన ఈ నాటకానికి 1955లో పులిట్జర్ బహుమతి వచ్చింది. దాన్ని ఎం.జి.ఎం. వారికోసం రిచర్డ్ బ్రూక్స్ సినిమాగా తీశారు.

కథంతా మిసిసిపీలో 28 వేల ఎకరాల భూస్వామి ఇంట్లో నడుస్తుంది. ఇంటి యజమానిని అందరూ బిగ్ డాడీ అంటారు. ఆయన అరవై అయిదో పుట్టినరోజుకి అందరూ చేరారు. పెద్దకొడుకు గూపర్ లాయరు. భార్యనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఆస్తి మీద కన్నేసి వచ్చాడు. చిన్నవాడు బ్రిక్ కాలు విరగ్గొట్టుకుని, సీసా వదలకుండా కూర్చున్నాడు. అతని భార్య మ్యాగీకి పిల్లల్లేరు. మన ఊళ్లలో పంపకాల పంచాయితీలు చూసినవాళ్లకి ఇదేమంత కొత్తగా అనిపించదు!

బ్రిక్‌కీ, చనిపోయిన స్నేహితుడు స్కిప్పర్‌కీ మధ్య ఉన్న అనుబంధాన్ని నాటకం సూటిగానే ప్రశ్నిస్తుంది. ఆనాటి హాలీవుడ్ నియమావళి దాన్ని తెరమీదికి రానివ్వలేదు. విలియమ్స్‌కి సినిమా నచ్చకపోవడంలో ఆశ్చర్యమేముంది? షూటింగు జరుగుతుండగానే, 1958 మార్చి 22న, ఎలిజబెత్ టేలర్ భర్త మైక్ టాడ్ విమాన ప్రమాదంలో పోయారు. ఆమె తిరిగొచ్చి మ్యాగీ పాత్ర పూర్తిచేసింది. ఆరు ఆస్కార్ నామినేషన్లొచ్చినా ఒక్క బహుమతీ రాలేదు.

డాక్టరుగా నన్ను పట్టుకున్న విషయం వేరే. బిగ్ డాడీకి కేన్సరు. ఆ సంగతి ఆయనకీ ఆయన భార్యకీ తప్ప పిల్లలకి తెలుసు. పేగుల్లో చిన్న తేడా, అంతే, అని ఆయన్ని నమ్మించారు. ఇప్పటివాళ్లకి ఇది రచయిత కల్పనలా కనిపించవచ్చు గానీ, ఆ రోజుల్లో వైద్యుల ఆచారమే అది. 1961లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సర్వేలో, షికాగోలో 219 మంది డాక్టర్లని అడిగితే, 90 శాతం మంది సాధారణంగా రోగికి కేన్సరని చెప్పమన్నారు. చేతిలో గట్టి వైద్యం లేనప్పుడు చెప్పి ఏం లాభమనుకునేవారు. 1979లో ఇంచుమించు అవే ప్రశ్నలు మళ్లీ అడిగితే 97 శాతం మంది చెబుతామన్నారు. మధ్యలో మందులు మెరుగయ్యాయి, రోగి సమ్మతి గురించి కోర్టు తీర్పులొచ్చాయి.

మనవాళ్లు మాత్రం ఇంకా బిగ్ డాడీ ఇంట్లోనే ఉన్నారు. ఇండియానుంచి వచ్చిన తండ్రిని వెంటబెట్టుకొచ్చిన కొడుకు, వరండాలోకి పిలిచి, "నాన్నగారికి మాత్రం చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అంటాడు. అందులో ప్రేమే ఉంది, కాదనను. అయినా పరీక్షలకి ముందే నేను పెద్దవాళ్లనే అడుగుతాను: "ఫలితాలు మీకు చెప్పమంటారా, అబ్బాయికి చెప్పమంటారా?" అబ్బాయికే చెప్పమన్నవాళ్లూ ఉన్నారు. ఒకాయన మాత్రం నవ్వి, "నాకే చెప్పు నాయనా, పొలం కాగితాలు ఇంకా తేల్లేదు" అన్నారు.