ముత్తాత పేరు ఎక్కడ దొరుకుతుంది? కొత్వాల్‌గూడ లాంటి ఊళ్లలో వెతకాల్సిన రికార్డులివే

శంషాబాద్ మండలంలోని కొత్వాల్‌గూడ ఇప్పుడు హిమాయత్ సాగర్, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ఊరు. విమానాశ్రయం కూడా దగ్గరే. ఈ చుట్టుపక్కల భూములు చేతులు మారాయి. కుటుంబాలు నగరంలో స్థిరపడ్డాయి. ముత్తాత పేరు, ఆయన తోడబుట్టినవారి పేర్లు చెప్పగలిగే పెద్దలు తగ్గిపోతున్నారు.

జనన, మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పల్లెల్లో పుట్టిన చాలామందికి ధ్రువపత్రమే లేదు. అందుకే ఇక్కడ కుటుంబ చరిత్రకు మొదటి ఆధారం భూమి రికార్డే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఇంట్లోనే. పట్టాదారు పాస్‌పుస్తకం, పాత పహాణీ నకళ్లు, అమ్మకం దస్తావేజులు వెతకండి. సర్వే నంబరు రాసుకోండి. పెద్దవాళ్లతో మాట్లాడి ఇంటిపేరు, గోత్రం, తాతల పేర్లు, ఆడపడుచులను ఇచ్చిన ఊళ్ల పేర్లు ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

ఏ రికార్డులో ఏముంటుంది?

• సేత్వార్: నిజాం కాలపు సర్వే తర్వాత తయారైన మూల రికార్డు. సర్వే నంబరు, విస్తీర్ణం, అప్పటి పట్టాదారు పేరు ఉంటాయి.

• ఖాస్రా పహాణీ (1954-55): పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు అన్నది చెబుతుంది. ఈ రెండు పేర్లు వేరుగా ఉంటే అక్కడొక కథ ఉందన్నమాట.

• విరాసత్ ఫైలు: పట్టాదారు చనిపోయాక వారసుల పేరు ఎక్కించిన ఫైలు. భార్య, కొడుకులు, దత్తత, పంచనామా వివరాలు దొరికే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఎప్పుడూ చెప్పుకోని రెండో పెళ్లి కూడా ఇక్కడే బయటపడొచ్చు.

• రక్షిత కౌలుదారుల జాబితా: 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద తయారైంది. సొంత పట్టా లేని కుటుంబాల పేర్లు ఇందులో ఉండొచ్చు.

• ఈసీ: 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగాలి.

ఎవరిని అడగాలి?

ఇప్పటి వివరాలు భూ భారతి పోర్టల్‌లో సర్వే నంబరుతో చూడొచ్చు. పాత పహాణీ నకలుకు మీసేవలో లేదా తహసీల్దార్ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. సేత్వార్ కోసం సర్వే, భూమి రికార్డుల శాఖను సంప్రదించాలి. భూమి ప్రాజెక్టు కింద పోయి ఉంటే భూసేకరణ అవార్డు నకలు ఆర్డీవో కార్యాలయంలో అడగండి. పరిహారం ఎవరి పేరున ఇచ్చారో అందులో తెలుస్తుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పర్షియన్, ఉర్దూ రికార్డులున్నాయి.

ఉర్దూ రాకపోతే?

కొన్ని మాటలు తెలిస్తే చాలావరకు పని నడుస్తుంది. ‘వల్ద్’ అంటే ఫలానావారి కొడుకు. ‘జౌజే’ అంటే భార్య. ‘ఫౌతీ’ అంటే చనిపోయారని. ‘మౌరూసీ’ అంటే వంశపారంపర్యంగా వచ్చింది. ఏడాది ఫస్లీలో ఉంటే 590 కలపండి. 1358 ఫస్లీ అంటే 1948-49. ఒకే పేరున్నవాళ్లు ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు కాబట్టి తండ్రి పేరు కలిసిందో లేదో తప్పక చూసుకోండి.

ఆడవాళ్ల పేర్లు ఎందుకు కనిపించవు?

పాత రికార్డుల్లో కూతుళ్ల పేర్లు అరుదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, కేంద్ర చట్ట సవరణతో 2005 నుంచి కూతుళ్లందరికీ సమాన హక్కు వచ్చింది. రికార్డులో పేరు లేదంటే ఆ మనిషి లేరని కాదు. మేనత్తల అత్తగారి ఊళ్లలో అడిగితే సగం చరిత్ర అక్కడే దొరుకుతుంది.

భూమి లేని కుటుంబాల సంగతి?

బడి అడ్మిషన్ రిజిస్టర్, పాత ఓటరు జాబితా చూడండి. ఓటరు జాబితాలో ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు ఉంటాయి. తెలంగాణలో వంశావళి చెప్పే ఆశ్రిత కులాలూ ఉన్నాయి. పిచ్చగుంట్లవారు (వంశరాజ్) రెడ్ల ఇళ్లలో గోత్రాలు చెబుతారు. డక్కలివారు మాదిగలకు, మందెచ్చులవారు గొల్లలకు కుల కథలు చెబుతారు. వారు చెప్పింది రాసుకుని కాగితంతో సరిపోల్చుకోండి.

పేరు దొరికితే భూమి వస్తుందా?

రాదు. పాత పహాణీలో ముత్తాత పేరు ఉండటం చరిత్రకు ఆధారం మాత్రమే. తర్వాత అమ్మకం, పంపకం, సేకరణ జరిగి ఉండొచ్చు. హక్కు ఉందనిపిస్తే న్యాయవాదిని కలవండి. ‘పాత కాగితాలు తీయిస్తాం’ అని వచ్చే మధ్యవర్తులకు ఒరిజినల్ పత్రాలు ఇవ్వకండి, ఖాళీ కాగితాలపై సంతకాలు పెట్టకండి. బయటపడిన విషయం బతికున్నవారికి సంబంధించినదైతే, కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు వాళ్లనే అడగండి.