రబ్బరు నుంచి పామాయిల్‌కు: మలేషియా వ్యవసాయ విధానంలో తోట కార్మికుల స్థానం

1957లో స్వాతంత్ర్యం పొందేనాటికి మలయా ఎగుమతి ఆదాయానికి తగరం, రబ్బరు ప్రధానాధారాలు. తగరం తరిగిపోయే ఖనిజం. రబ్బరుకు రెండో ప్రపంచయుద్ధకాలంలో ఎదిగిన కృత్రిమ రబ్బరు పోటీగా నిలిచింది. కొరియా యుద్ధ సమయంలో ఎగబాకిన రబ్బరు ధర వెంటనే పడిపోవడం ఈ ఆధారాల అస్థిరతను స్పష్టం చేసింది.

ఈ స్థితిలో ప్రభుత్వం ఆయిల్‌పామ్ వైపు మళ్లింది. పశ్చిమాఫ్రికాకు చెందిన ఈ చెట్టు వాణిజ్యసాగు సెలంగూర్‌లో 1917లోనే మొదలైనా, అది జాతీయ విధానంగా మారింది 1960లలో. 1956లో ఏర్పడిన భూమి అభివృద్ధి సంస్థ ‘ఫెల్డా’ అడవులను చదునుచేసి, ఒక్కో కుటుంబానికి సుమారు 10 ఎకరాల తోటను కేటాయించింది. పెట్టుబడిని రుణంగా లెక్కగట్టి పంట ఆదాయం నుంచి రాబట్టింది. ఆయిల్‌పామ్ గెలలు కోసిన వెంటనే మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత దెబ్బతింటుంది. కనుక తోట, రహదారి, మిల్లు ఒకే ప్రణాళికలో భాగమయ్యాయి. 1970లలో శుద్ధిచేసిన నూనెకు ఎగుమతి సుంకంలో రాయితీలిచ్చి రిఫైనరీలను ప్రోత్సహించారు. 1981లో కామెరూన్ నుంచి తెచ్చిన ముక్కుపురుగు, చేతితో పరాగసంపర్కం చేయించే శ్రమను తప్పించింది. పంట, పరిశ్రమ, పరిశోధన ఇలా కలిసి నడవడమే ఈ విధాన విజయానికి మూలం.

అయితే భూమి ఎవరికి దక్కింది? 1990లో కొత్త కుటుంబాల చేరిక ఆగేనాటికి లక్షకు పైగా కుటుంబాలు ఫెల్డా తోటల్లో స్థిరపడ్డాయి. వారిలో అత్యధికులు మలయ్ గ్రామీణులు. వారి పేదరికం వాస్తవమే. కానీ వలసపాలనలో తోటల ఆర్థికవ్యవస్థను మోసినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. ఉత్తర కోస్తా, గోదావరి ప్రాంతాలనుంచి వెళ్లిన కుటుంబాలు దిగువ పేరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరి తోటల్లో పనిచేశాయి. 1950లలో యూరోపియన్ యజమానులు ఎస్టేట్లను అమ్మగా, కొన్నవారు వాటిని ముక్కలుగా విడగొట్టారు. దానితో అనేకమంది కూలీలు పనితోపాటు ఎస్టేటు ఇళ్లనూ కోల్పోయారు. ఈ పరిణామాన్ని ఆర్థికవేత్త ఉంకూ అజీజ్ విస్తృతంగా పరిశీలించారు. 1960లో వి.టి. సంబంధన్ స్థాపించిన జాతీయ భూమి సహకార సంఘం కార్మికుల వాటాధనంతో ఎస్టేట్లు కొన్నది. రాజ్యం చేయని పనిని కూలీల పొదుపు కొంతమేరకు పూరించింది.

మలేషియా అనుభవంలో పంటల వైవిధ్యం సాధ్యమైంది. భూమిపై హక్కు మాత్రం తోట కార్మికుని దాకా విస్తరించలేదు. ఆర్థిక వైవిధ్యీకరణను ఎగుమతి లెక్కలతోనే కొలిచే చరిత్రరచన ఈ అంతరాన్ని చూడలేదు. మలేషియా తెలుగువారి చరిత్రను వలసకథగానే కాక, భూవిధాన చరిత్రలో భాగంగా చదవవలసిన అవసరం ఇక్కడే ఉంది.